కరెంటు బ్రష్షు: ఎవరికి అవసరం? ఎవరికి దండగ?

కణేకల్: తెల్లవారగానే వేపకొమ్మ వంచి పుల్ల విరిచి, దాన్ని నములుకుంటూ చేను దాకా పోయివచ్చే రైతులు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. అయితే బెంగుళూరులోనో హైదరాబాదులోనో పనిచేసే పిల్లలు పండుగకు ఊరికి వచ్చేటప్పుడు మిఠాయి పెట్టెతోపాటు ఈమధ్య కరెంటు బ్రష్షు కూడా తెస్తున్నారు. సెల్‌ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకునేవారూ ఉన్నారు. మీట నొక్కగానే జుయ్యిమని తిరిగే ఈ బ్రష్షును చూసి పెద్దలు నవ్వుతున్నారు, పిల్లలు ఆడుకుంటున్నారు. నాలుగు రోజులు పోయాక అది అలమర ఎక్కుతోంది. ఇంతకూ ఇది పనికివచ్చే వస్తువా, లేక డబ్బు దండగా అని పలువురు అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు జవాబు అందరికీ ఒకటి కాదు. అందుకు ఈ విలేకరి కళ్ళారా చూసిన రెండు ఇళ్ళ సంగతే సాక్ష్యం.

రెండు ఇళ్ళు, రెండు కథలు

మొదటిది ఈ విలేకరి ఇల్లే. అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంది గానీ పళ్ళు తోముకోవడం మాత్రం చేతకాలేదు. పుల్ల పట్టుకుంటే చిగురుకు గుచ్చుకునేది, మామూలు బ్రష్షు పట్టుకుంటే జారిపోయేది. ఎవరో ఒకరు తోమాల్సి వచ్చేది. కొడుకులు తన నోట్లో చెయ్యి పెట్టి పళ్ళు తోమడం ఆమెకు ఎంత కష్టంగా ఉండేదో చెప్పనలవి కాదు. క్రమంగా వద్దు వద్దంటూ వాయిదా వేయసాగింది. చిగుళ్ళు వాచి నెత్తురు కారడం మొదలైంది. అప్పుడు బెంగుళూరు నుంచి తమ్ముడు ఈ బ్రష్షు తెచ్చాడు. "ఏందిరా ఇది, గడ్డం గీసుకునే మిషనా?" అని అమ్మ మొదట పక్కన పెట్టించింది. వారం రోజులు బతిమాలగా ఎడమచేత్తో పట్టుకుంది. పిడి లావుగా ఉండటంతో పట్టు దొరికింది. ఆడించే పని బ్రష్షే చేసుకుంటుంది కనుక పంటి మీద ఆనించడం ఒక్కటే ఆమె పని. నెల తిరిగేసరికి, "ఇంక నా మొగం నేనే కడుక్కుంటా, నువ్వు పో నాయనా" అన్నది. ఆ మాట విన్నాక బ్రష్షు ధర ఎవరికీ గుర్తు రాలేదు.

రెండవది మా వీధిలోనే ఉన్న ఒక రైతు ఇల్లు. ఇంటరు చదివే ఆయన కూతురికి ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఫోటో తీసేటప్పుడు నోరు మూసుకుంటుంది. ప్రకటనలో తెల్లని పళ్ళు చూసి, ఈ బ్రష్షుతో మచ్చలు పోతాయని ఆ పిల్ల నమ్మింది. శనక్కాయలు అమ్మిన డబ్బులో నుంచి తండ్రి కొనిచ్చాడు. ఆమె పొద్దునా సాయంత్రం అదిమి అదిమి తోమింది. చిగుళ్ళు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి గానీ చార చెక్కుచెదరలేదు. తాను తోమడం చాలడం లేదేమోనని ఇంకా గట్టిగా తోమింది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ చార ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

మచ్చ పైది కాదు, లోపలిది

మన జిల్లాలో వానలు తక్కువ, బోర్ల లోతు ఎక్కువ. భూమి లోపలి నల్లరాతి, గ్రానైటు పొరల్లో ఉండే కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీళ్ళలోకి దిగుతుంది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించరాదని, వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. జిల్లాలో చాలా పల్లెల బోర్లలో ఇది హద్దు దాటుతుందన్నది కొత్త సంగతి కాదు. ఈ జబ్బు తెలుగునేలకు పాతదే. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో జనం ఫ్లోరైడు వల్ల పళ్ళూ ఎముకలూ చెడి బాధపడుతున్న తీరును వైద్యులు పరిశోధించి ప్రకటించారు. మన జిల్లాలో తాగునీటి బాధ తీర్చడానికి సత్యసాయి తాగునీటి పథకం కింద 1995-96లో ఏడువందలకు పైగా గ్రామాలకు నీళ్ళు అందించిన విషయం పాఠకులకు తెలిసిందే.

బిడ్డకు వచ్చే శాశ్వత దంతాలు చిగురు లోపలే, పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ లోపు తయారవుతాయి. ఆ వయసులో ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు తాగితే పంటి పై పొర, అంటే ఎనామిల్ అనే పింగాణీ పొర, సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేటప్పుడే తెల్లసున్నపు మచ్చలతోనో, గరుకుగానో వస్తుంది. తరువాత ఆ గరుకు పొరకు రంగు పట్టి గోధుమ చారలవుతాయి. కుండ కాలేటప్పుడు పడిన నల్లమచ్చను ఎంత తోమినా పోగొట్టలేం కదా, ఇదీ అంతే. పొరలోనే ఉన్న మచ్చను వేపపుల్ల తీయలేదు, పేస్టు తీయలేదు, కరెంటు బ్రష్షూ తీయలేదు. ఇటుకపొడి, బొగ్గు, బూడిద, ఇసుక పెట్టి రుద్దితే మిగిలిన పింగాణీ కూడా అరిగి పన్ను జివ్వుమని లాగుతుంది.

దీనికి మార్గం లేకపోలేదు. మచ్చ తేలికగా ఉంటే పంటి డాక్టరు పైపొరను సన్నగా అరగదీసి మెరుగుపెట్టగలడు. మచ్చ ముదురుగా ఉంటే పంటి రంగు పూత గానీ, పైన పలుచని తొడుగు గానీ వేస్తారు. కడపలోను, బళ్ళారిలోను ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. పెళ్ళి చూపుల ముందు వేలు పోసి బ్రష్షు కొనేకంటే అక్కడికి ఒకసారి పోయి అడగడం మేలు. అన్నింటికంటే మేలైన పని ఇంట్లో పసిపిల్లలకు తాగించే నీళ్ళను పరీక్ష చేయించడం. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, ఆవిరి పోయి అది ఇంకా చిక్కబడుతుంది. ఆర్.ఓ. ప్లాంటు నీళ్ళలో మాత్రం చాలావరకు తగ్గుతుంది.

చేతకాని చేతుల కోసమే పుట్టింది

మరి కరెంటు బ్రష్షు చేసే పని ఏమిటి? దీని పుట్టుక తెలిస్తే పని తెలుస్తుంది. 1954లో స్విట్జర్లాండుకు చెందిన డాక్టరు ఫిలిప్-గయ్ వూగ్ దీన్ని తయారుచేశాడు. పేరు బ్రాక్సోడెంట్. చేతి పట్టులేని రోగులు, పళ్ళకు తీగలు కట్టించుకున్నవారు శుభ్రంగా తోముకోవడానికే ఇది మొదట ఉద్దేశించారు. ఆ బ్రష్షుకు కరెంటు తీగ ఉండేది. 1961లో అమెరికాలో తీగ లేకుండా చార్జింగుతో నడిచేది వచ్చింది. అంటే ఇది పుట్టింది సోకు కోసం కాదు, చేతకాని చేతుల కోసం.

మనం పాచిపళ్ళు అంటాం. ఆ పాచే అసలు శత్రువు. తిన్న తిండి, అందులో చేరిన సూక్ష్మక్రిములు కలిసి పంటి మీద మెత్తని జిగురు పొర కడతాయి. దాన్ని రోజూ తీసేయకపోతే అది గట్టిపడి గార అవుతుంది. పాచి వల్ల పళ్ళు పుచ్చుతాయి, చిగుళ్ళు వాస్తాయి. మెత్తగా ఉన్న పాచిని బ్రష్షు తీయగలదు. గట్టిపడిన గారను మాత్రం డాక్టరే తీయాలి.

చేతి బ్రష్షు కంటే కరెంటు బ్రష్షు మెరుగా అన్నదానిపై దేశదేశాల్లో పరీక్షలు జరిగాయి. కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య సమీక్షా సంస్థ 56 పరీక్షలను కలిపి చూసి 2014లో ఫలితం ప్రకటించింది. చేతి బ్రష్షు వాడినవారితో పోలిస్తే కరెంటు బ్రష్షు వాడినవారిలో మూడు నెలల లోపు పాచి 11 శాతం, ఆ తరువాత 21 శాతం తక్కువగా కనిపించింది. చిగుళ్ళ వాపు 6 శాతం, తరువాత 11 శాతం తక్కువ. లాభం ఉంది గానీ, ఆకాశమంత లాభం కాదు. చేతి బ్రష్షుతో రెండు పూటలా ఓపికగా తోముకునేవారు దీన్ని కొనకపోయినా నష్టపోయేది పెద్దగా ఏమీ లేదు.

ఎవరు కొనవచ్చు?

పక్షవాతం వచ్చినవారు, చేతులు వణికేవారు, కీళ్ళవాతంతో వేళ్ళు ముడుచుకుపోయినవారు, పళ్ళకు తీగలు కట్టించుకున్న పిల్లలు, మంచాన పడ్డ పెద్దల పళ్ళు తాము తోమాల్సి వచ్చే ఇంటివారు ముందువరుసలో ఉంటారు. చక్కెర జబ్బు ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు తొందరగా వస్తుంది కనుక వారు పళ్ళ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎంత చెప్పినా అరనిమిషంలో తోమడం ముగించేవారికి కూడా ఇది పనికొస్తుంది. ఎందుకంటే చాలా రకాల బ్రష్షుల్లో రెండు నిమిషాలు అయ్యాక గుర్తుచేసే ఏర్పాటు ఉంటుంది. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్నవారు మాత్రం కొనేముందు తమ డాక్టరును అడగాలి.

ఏది కొనాలి?

బజారులో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలు సెల్లు వేసేది. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. సెల్లు అరిగేకొద్దీ జోరు తగ్గుతుంది. రెండవది చార్జింగు రకం. ఇది వెయ్యి, రెండు వేలు, ఇంకా పైన కూడా ఉంటుంది. ధర పెరిగేకొద్దీ సెల్‌ఫోనుకు కలపడం, రంగుల దీపాలు వగైరా చేరతాయి. అవి పళ్ళకు అక్కరలేదు. చూసుకోవలసినవి మూడే: మెత్తని పోచలు, రెండు నిమిషాల గుర్తు, గట్టిగా అదిమితే హెచ్చరించే ఏర్పాటు. మా వీధి పిల్ల కొన్న బ్రష్షులో ఆ మూడవది ఉండి ఉంటే చిగుళ్ళు అంత దెబ్బ తినేవి కావు.

తల ఆకారంలోనూ తేడా ఉంది. గుండ్రని చిన్న తల ఉన్నది అటూ ఇటూ తిరుగుతుంది. పొడుగు తల ఉన్నది సన్నగా, చాలా వేగంగా అదురుతుంది, నిమిషానికి 31 వేలసార్లు అదిరేవి కూడా ఉన్నాయి. సరిగా వాడితే రెండూ పనిచేస్తాయి. నోరు పూర్తిగా తెరవలేనివారికి చిన్న తల అనుకూలం.

కొనేముందు ఒక లెక్క వేసుకోవాలి. బ్రష్షు ఒకసారి కొంటే సరిపోదు. మూడు నెలలకొకసారి, పోచలు వంగితే ఇంకా ముందుగానే, తల మార్చాలి. ఒక్కో తల రెండు వందల రూపాయలు అనుకుంటే ఏడాదికి నాలుగు తలలకు ఎనిమిది వందలు. చేతి బ్రష్షు ముప్పై రూపాయలది నాలుగు కొన్నా ఏడాదికి నూట ఇరవై. తలలు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకోకుండా బ్రష్షు కొనడం, టైర్లు దొరకని బండి కొన్నట్టే. అయితే ఇంట్లో నలుగురున్నా పిడి ఒకటే కొని, ఎవరి తల వారు వాడుకోవచ్చు. గుర్తుకోసం కొన్నింటికి రంగు వలయాలుంటాయి. ఒకరి తల మరొకరు మాత్రం వాడరాదు.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే బ్రష్షుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. అక్కడి కరెంటు సుమారు 120 వోల్టులు, మనది 230. అక్కడి కరెంటుకే చేసిన చార్జరును ఇక్కడ ప్లగ్గులో గుచ్చితే కాలిపోతుంది. చార్జరు అడుగున 100-240 అని రాసి ఉంటేనే గుచ్చాలి.

తడిచేత్తో పట్టుకుంటే షాకు కొట్టదా?

చాలామంది పెద్దలు అడిగే ప్రశ్న ఇదే. బోరుమోటార్ల దగ్గర కరెంటుతో ప్రాణాలు పోవడం చూసిన మన రైతులు ఈ మాట అడగడం సహజం. ఈ బ్రష్షును చార్జింగు దిమ్మ మీద నిలబెడితే చాలు, లోహపు మొనలు ఒకదానికొకటి తగలవు. చేలల్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మరు సంగతి మనకు తెలుసు. ఒక చుట్టలో కరెంటు పారితే, తగలకుండా పక్కనున్న రెండో చుట్టలోనూ కరెంటు పుడుతుంది. దిమ్మలో ఒక చుట్ట, బ్రష్షు అడుగున ఒక చుట్ట పెట్టి ఇదే సూత్రంతో లోపలి బ్యాటరీని నింపుతారు. నోట్లో పెట్టుకునేటప్పుడు బ్రష్షుకూ కరెంటు తీగకూ సంబంధమే ఉండదు. ప్లగ్గును మాత్రం నీళ్ళు చిందని చోట, పొడిచేత్తో గుచ్చాలి. ఒకసారి నిండితే వారం పది రోజులు వస్తుంది కనుక కరెంటు కోతలకు భయపడనక్కరలేదు.

వాడే పద్ధతి

అలమర ఎక్కే బ్రష్షుల్లో చాలావరకు వాడే పద్ధతి తెలియక ఎక్కినవే. పేస్టు శనగగింజంత పెట్టి, బ్రష్షును ముందు పంటికి ఆనించి, నోరు మూసుకున్నాకే మీట నొక్కాలి. లేకుంటే పేస్టంతా చొక్కా మీద పడుతుంది. చేతి బ్రష్షులాగా గీకరాదు. ఆడించే పని దానిది, నడిపించే పని మనది. పన్నూ చిగురూ కలిసే గీత దగ్గర కాస్త ఏటవాలుగా ఆనించి, ఒక్కో పంటి దగ్గర రెండు మూడు సెకన్లు ఆపి పక్క పంటికి జరపాలి. బయటివైపు, లోపలివైపు, నమిలే వైపు, మూడూ తోమాలి. నోటిని నాలుగు భాగాలు చేసుకుని ఒక్కో భాగానికి అరనిమిషం ఇస్తే రెండు నిమిషాలు సరిపోతాయి. మొదటి వారం చక్కిలిగింత పెడుతుంది, తరువాత అలవాటవుతుంది. చిగుళ్ళ నుంచి రెండు వారాలకు కూడా నెత్తురు ఆగకపోతే డాక్టరుకు చూపించాలి.

పొద్దున ఒకసారి తోముకుంటే చాలు అనుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. నిజానికి రాత్రి తోమడమే ముఖ్యం. నిద్రలో నోట్లో ఉమ్మి తక్కువగా ఊరుతుంది, క్రిములకు అడ్డు ఉండదు. తోమాక నురుగు ఉమ్మేయాలి గానీ బిందెడు నీళ్ళతో పుక్కిలించనక్కరలేదు. పేస్టులోని ఫ్లోరైడు కాసేపు పంటి మీద ఉంటేనే పుచ్చు పట్టకుండా కాపాడుతుంది.

ఇక్కడ పాఠకులకు అనుమానం రావచ్చు. నీళ్ళలో చెడ్డదైన ఫ్లోరైడు పేస్టులో మంచిదెలా అయింది? తేడా మోతాదులో, మింగడంలో ఉంది. నీళ్ళు రోజూ లీటర్ల కొద్దీ కడుపులోకి పోతాయి. పేస్టు పంటికి తగిలి బయటికి పోతుంది. పసిపిల్లలు పేస్టు తియ్యగా ఉందని మింగుతారు. అందుకే మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీగింజంత మాత్రమే పెట్టి పెద్దలే దగ్గరుండి తోమించాలి. బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్ళవారు పసిపిల్లలకు ఏ పేస్టు వాడాలో డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

తోమాక తలను ఊడదీసి, తలనూ పిడి మొననూ కడిగి తుడిచి ఆరబెట్టాలి. మన బోర్ల ఉప్పునీళ్ళు తెల్లగా పేరుకుని మొన బిగుసుకుపోతుంది.

కొనలేనివారు చిన్నబోనక్కరలేదు

ముప్పై రూపాయల మెత్తటి బ్రష్షుతో రెండు పూటలా రెండేసి నిమిషాలు తోముకునే మనిషి పళ్ళు, మూడు వేల బ్రష్షును అలమరలో పెట్టిన మనిషి పళ్ళకంటే బాగుంటాయి. వేపపుల్ల వాడేవారు కొనను మెత్తగా కుంచెలా నమిలి వాడాలి. పుల్ల ముందుపళ్ళను తోముతుంది గానీ దవడపళ్ళ లోపలివైపుకు అందదు, అందుకని రాత్రిపూటైనా బ్రష్షు వాడటం మంచిది. పొగాకు పొడితో పళ్ళు తోమే అలవాటు మాత్రం వెంటనే మానాలి. పండ్లపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. నోటి క్యాన్సరుకు అది దారి.

మా వీధి పిల్లకు ఈ సంగతులన్నీ చెప్పాక, బ్రష్షును మెల్లగా ఆనించి వాడుతున్నది. పుండ్లు మానాయి. చార అలాగే ఉంది. సెలవుల్లో పంటి డాక్టరుకు చూపించడానికి తండ్రి ఒప్పుకున్నాడు. అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. ఆమె తమ్ముడికి ఇప్పుడు నాలుగేళ్ళు. వాడి పెద్దపళ్ళు ఇంకా చిగురు లోపలే తయారవుతున్నాయి. వాడికి తాగించే బోరునీళ్ళను పరీక్షకు పంపాలని ఆ తండ్రి సీసా కడిగి పెట్టుకున్నాడు. ఆ సీసా ప్రతి ఇంటి నుంచీ కదలాలి. ఊళ్ళలోని బోర్లకూ, బడులూ అంగన్‌వాడీలూ వాడే నీళ్ళకూ వరుసగా పరీక్షలు చేయించి, ఫలితాన్ని అందరికీ కనిపించేలా గోడమీద రాయిస్తే తల్లిదండ్రులకు ఎంతో మేలు చేసినవారవుతారు.